వెర్రివాళ్ళ పండగకు మా బుట్ట

"రాప్తా కూటమే అమ్మా. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నిసార్లు చెప్పినా ఫౌకియానే. మీ నాన్న ఆ రోజు కొండ దిగి ఎడమ చేతికి తిరిగేవాడు. గుమ్మంలో నిలబడి చూసినదాన్ని నేను."

"ఎడమకి తిరిగితే ఉప్పు దారి ఉంది, కుమ్మరివాళ్ళున్నారు, సగం ఊరుంది. ఫౌకియా వాళ్ళొక్కరే ఉన్నారా?"

"కుడికి తిరిగితే రాప్తా వాళ్ళొక్కరే ఉన్నారా మరి?"

చాటింపు విన్న రోజు నుంచీ మా ఇంట్లో ఇదే గొడవ. మా ఆయన వొలెరో గుడిసె నడి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. మా అత్త రుటీలా పొయ్యి పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఇద్దరికీ మధ్య నేను, ఒళ్ళో చేటతో గింజల్లో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ నా నెత్తి మీదుగానే పోతున్నాయి.

"నాన్ననే అడిగితే పోలా?" అన్నాడు మా మరిది వోపిస్కస్, పడుకున్నచోటి నుంచి లేవకుండానే. "పెద్దల దినాలు వస్తున్నాయిగా. ఎలాగూ పైకొస్తాడు."

అత్త చేతిలో ఉల్లిపాయ విసిరింది. అతను దాన్ని గాల్లోనే పట్టుకుని కొరుక్కు తిన్నాడు.

నవ్వులాటకి అన్నాడు గానీ, సంగతి నిజంగా అంతవరకూ వచ్చింది. మా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఏదో ఒక కూటానికి చెందినదే. ముక్కుతో పుట్టినట్టే కూటంతోనూ పుడతారు. ఈ చలి నెలలో ఒక్కో కూటం వాళ్ళు ఒక్కో రోజున తమ పెద్ద పొయ్యి దగ్గర చేరి, ఏడాది గింజలు వేయించుకుంటారు. వేయించనిదే మా పొట్టు గోధుమ పొట్టు వదలదు. ఎలాగో దంచి వదిలించినా, ఆ పొయ్యి చూడని గింజ దేవుళ్ళకి పనికిరాదు, పోయినవాళ్ళకీ పనికిరాదు. కూటాల పెద్ద సంతబయల్లో నిలబడి ఏ కూటానికి ఏ రోజో చాటిస్తాడు. ఏ ఇల్లు ఏ కూటమో మాత్రం చాటించడు. అది తెలియని ఇల్లు ఉంటుందని ఎవరనుకుంటారు?

మా మామ నుమేరియస్ ఉన్నన్నాళ్ళూ మాకు ఆ సంగతి తెలుసుకునే అవసరం రాలేదు. "రేపే వేపుడు," అనేవాడు ఒక సాయంత్రం. తెల్లారకముందే బుట్ట భుజాన వేసుకుని ఒక్కడే వెళ్ళేవాడు. పొద్దుగూకే వేళకి మొహమంతా మసితో, బట్టల నిండా వేపుడు వాసనతో తిరిగొచ్చేవాడు. మిగతా రోజుల్లో కూటం వాళ్ళ విందులూ సమావేశాలూ జరుగుతుంటే, ఆయన ఎప్పుడూ అవతలి గుట్ట మీద గొర్రెల దగ్గరే ఉండేవాడు. పెద్దవాడయ్యాక వొలెరోకీ అదే అలవాటైంది. సింధూర చెట్ల కాయలు రాలే రోజుల్లో మామకి దగ్గు పట్టుకుంది. పోయేముందు గొర్రెల గురించి, గుడిసె కప్పు గురించి అన్నీ చెప్పాడు. కూటం సంగతి చెప్పలేదు. మేమూ అడగలేదు.

అత్తకి మా తిండి గురించి బెంగ లేదు. ఆమె బెంగ ఎవరి గురించో ఒకరోజు నీళ్ళకి వెళ్ళినప్పుడు నాతో చెప్పింది.

"మానియా, మనం చిక్కుళ్ళు తినైనా బతుకుతాం. ఇది ఆయనకి మొదటి ఏడు. పెద్దల దినాల్లో సమాధి దగ్గరికి వెళ్ళి పచ్చి గింజలు పెట్టమంటావా? పోయేనాటికి నోట్లో పళ్ళు కూడా లేవు ఆయనకి."

ముందు మాట వొలెరోదే నెగ్గింది. ఇంటి పెద్ద ఇప్పుడు అతనేగా. రాప్తా వాళ్ళ రోజున ఉతికిన శాలువా కప్పుకుని బుట్ట ఎత్తుకుని వెళ్ళాడు. పొద్దు నడినెత్తికి రాకముందే వెనక్కి వచ్చాడు. బుట్ట వెళ్ళినట్టే నిండుగా ఉంది.

"ఏమన్నారు?" అంది అత్త.

"మర్యాదగానే అన్నారు. నాన్న మంచివాడట. ఆయన జున్ను లాంటిది మళ్ళీ తినలేదట." శాలువా తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. "మా వాడు మాత్రం కాదన్నారు."

"నే చెప్పలా, ఫౌకియా అని?"

"అయితే నువ్వే వెళ్ళు."

"వెళ్తాను. నాకేం, కాళ్ళు లేవా?"

ఇంట్లో పెంకు మీద వేయించేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను నేను. తల్లీ కొడుకూ ఒకేసారి నా వైపు తిరిగి చూశారు. అన్ని రోజుల్లోనూ వాళ్ళిద్దరూ ఒక్కటైంది అప్పుడే.

"ఎవరికీ తెలియకపోవచ్చు," అంది అత్త. "ఆయనకి తెలుస్తుంది."

ఫౌకియా వాళ్ళ రోజున అత్తా నేనూ వెళ్ళాం. వాళ్ళ పొయ్యికి మంచి పెంకుల కప్పుంది. చుట్టూ బల్లలు వేసి ఉన్నాయి. ఆ కూటం పెద్ద ముసలాయన లేచి నిలబడి మాట్లాడాడు. తన తాత పేరు, ఆ తాత తాత పేరు చెప్పి, మీ ఇంట్లో అలాంటి పేర్లేవైనా ఉన్నాయా తల్లీ అని అడిగాడు. అత్తకి నుమేరియస్ అన్న ఒక్క పేరే తెలుసు. ఆయన తండ్రి పేరేమిటో ఆయన ఎప్పుడూ అనలేదు.

మా పక్కింటి హోస్టస్ ఆ కూటం వాడే. పొయ్యి అవతల నుంచి అందరికీ వినపడేలా అన్నాడు. "ఇంకేముందక్కా, మిగిలింది వెర్రివాళ్ళ పండగే! మా వాళ్ళంతా చూడ్డానికి వస్తాంలే."

బల్లల దగ్గర నవ్వులు. అత్త బుట్ట నెత్తికెత్తుకుని, అప్పుడు అతని వైపు తిరిగింది.

"హోస్టస్, పోయిన ఏడు నీ పొట్టేలు మా మందలో కలిసి, ఎంత తోలినా నీ ఇంటికి పోలేదు గుర్తుందా? తన ఇల్లేదో దానికే తెలియలా. ఎవరిని చూసి నేర్చుకుందా అనుకున్నా."

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వినిపించాయి. కానీ గుడిసె దగ్గరికి వచ్చాక అత్త బుట్ట దించి, దాని అంచు చుట్టూ మామ చుట్టిన ఎర్ర తీగల కట్టును వేళ్ళతో తడిమింది.

మిగతా కూటాల రోజులు చాలావరకు అయిపోయాయి. ఉన్నవాటి దగ్గరికి వెళ్ళి 'మేం మీవాళ్ళమా' అని ఒక్కో గుమ్మంలో అడుక్కోవడం ఇంక తనవల్ల కాదన్నాడు వొలెరో. ఆఖరి రోజు ఒక్కటే మిగిలింది. తమ కూటమేదో తెలియనివాళ్ళకీ, తెలిసినా రోజు మర్చిపోయినవాళ్ళకీ ఆ రోజును వదిలారు. వెర్రివాళ్ళ పండగ అని హోస్టస్ అన్నది దాన్నే, ఊరంతా పిలిచే పేరదే. అది పెద్దల దినాల మధ్యలో పడుతుంది. ఆ రోజు వేయిస్తే మామకి అందుతుంది.

"నేను రాను," అన్నాడు వొలెరో. "నాన్న ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు తలెత్తుకు తిరిగాడు. ఆయన పోయిన మొదటి ఏడే ఆయన బుట్ట తీసుకెళ్ళి వెర్రివాళ్ళ వరసలో పెట్టనా? గొర్రెల దగ్గరికి పోతున్నాను."

"పో," అంది అత్త. "అచ్చం మీ నాన్నలాగే."

ఆ రోజు పొద్దున బుట్ట వోపిస్కస్ ఎత్తుకున్నాడు. "వదినా, వెర్రివాడి మొహం ఎలా పెట్టాలి?" అని అడిగాడు. "ఉన్నది చాలు, ఇంకేం పెట్టక్కర్లేదు," అన్నాను. మా అమ్మాయి పౌలా నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. కొండ దిగాక ఎడమకు తిరిగాం. అత్త ఆగి, మా వైపు చూసి, "ఎడమకే," అంది.

ఆ పొయ్యి ఉప్పు దారి పక్కన, టైబర్ నది వంపు తిరిగేచోట ఉంది. కప్పూ లేదు, బల్లలూ లేవు. వానకి తడిసిన మట్టి గోడ, దాని నిండా ఏళ్ళ మసి. నేను ఏదో దిగాలుగా ఉంటుందనుకున్నాను. దూరం నుంచే గోల వినపడింది. మొన్నమొన్న నది దాటి వచ్చిన కుటుంబం ఒకటుంది, వాళ్ళ మాట సగం నాకర్థం కాలేదు. మొగుడిదో కూటం పెళ్ళాందో కూటం అని ఏటా పోట్లాడుకుని, చివరికి ఏటా ఇక్కడికే వచ్చే ముసలి జంట ఒకటుంది. ఓపిటర్ అనే ఆయనకి తన కూటం బాగానే తెలుసు, రోజే గుర్తుండదు. "పోయినేడు ఈ రోజు కూడా మర్చిపోయాను," అని ఆయనే అందరికీ చెప్పి నవ్వుతున్నాడు. కొందరు మాత్రం శాలువా నెత్తి మీదికి లాక్కుని, దారివైపు వీపు పెట్టి దూరంగా నిలబడ్డారు. వాళ్ళు మొదటిసారి వచ్చినవాళ్ళని చూడగానే తెలిసింది. మేమూ అలాగే నిలబడ్డాం.

పొయ్యి చూసుకునే ముసలామె, సెయియా అట పేరు, తెడ్డు పట్టుకుని వరస వెంట వచ్చింది. మా దగ్గర ఆగింది. మమ్మల్ని కాదు, బుట్టని చూసింది.

"ఇది నుమేరియస్ బుట్ట. మీ దగ్గరికెలా వచ్చింది?"

అత్త నెత్తి మీది గుడ్డ వెనక్కి తోసింది. "నేను ఆయన పెళ్ళాన్ని."

"ఓలమ్మో, రుటీలావా! ఉల్లిపాయలు విసిరే రుటీలావా?" సెయియా వెనక్కి తిరిగి కేకేసింది. "ఒరే, నుమేరియస్ ఇంటివాళ్ళొచ్చారు! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాం తల్లీ. కట్టెలు లేవు, పొద్దున్నుంచీ పొయ్యి సరిగా అంటుకోలేదు. ఆయనేడీ?"

అత్త చెప్పింది. చుట్టూ ఉన్న గోల తగ్గింది. ఓపిటర్ తల దించుకుని చేతిలోని గింజలు ఒక చేతి నుంచి ఇంకో చేతిలోకి పోసుకున్నాడు. నది అవతలి కుటుంబంలోని ఆడమనిషి అత్త మోచెయ్యి పట్టుకుంది, మా మాట రాకపోయినా.

తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. ప్రతి ఏడూ అందరికన్నా ముందు వచ్చేవాడట. దారిలో ఎండుకట్టెలు మోపు కట్టి తెచ్చి పొయ్యి వెలిగించేవాడట. సిగ్గుపడి దూరంగా నిలబడినవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, వాళ్ళ బుట్ట లాక్కుని, "రండి రండి, తెలివైనవాళ్ళంతా పోయిన వారమే వెళ్ళిపోయారు, ఇక్కడ తోపులాట ఉండదు," అనేవాడట.

"ఆయన కూటం పేరు మర్చిపోయాడా?" అని అడిగింది పౌలా.

"ఉంటేగా మర్చిపోవడానికి," అంది సెయియా. "నది అవతల నుంచి ఒక ఆడగొర్రెతో వచ్చాడమ్మా మీ తాత, వయసులో ఉన్నప్పుడు. ఎవరూ లేరు. ఆ రోజుల్లో సగం మంది అలా వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళు ఏదో ఒక కూటం పేరు చెప్పుకుని కలిసిపోయారు. ఈయన చెప్పుకోలేదు. 'అడిగితే అబద్ధమాడేవాణ్ణేమో, ఎవరూ అడగలేదు,' అనేవాడు. రాప్తా పెద్ద ఒకాయన జున్ను మీద మోజుతో, మాలో కలవయ్యా అన్నాడు కూడా. 'నేనటు వస్తే ఇక్కడ పొయ్యి ఎవరు వెలిగిస్తారు?' అన్నాడట."

అత్త మొహం చూడ్డానికి నాకు భయమేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది!

"ఇన్నేళ్ళూ ఆ మసి ఉతికానే! పెంకుల కప్పు కింద నిలబడే మనిషికి జుట్టులో అంత మసి ఎలా వస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు. ఊళ్ళో అసలు వెర్రిదాన్ని నేనన్నమాట." కళ్ళు తుడుచుకుంది. "ఒరే వోపిస్కస్, నిలబడి చూస్తావేం? కట్టెలు తెచ్చిపెట్టు."

వోపిస్కస్ కట్టెలు తెచ్చాడు గానీ అవి పచ్చివి. పొగ వచ్చింది తప్ప మంట రాలేదు. అందరూ దగ్గుతున్నారు, అందరూ అతన్ని తిడుతున్నారు. అప్పుడు పౌలా నా శాలువా కొస పట్టుకుని లాగింది.

"అమ్మా, నాన్న."

దారి పక్కన, అందరికన్నా దూరంగా, శాలువా నెత్తి మీదికి కప్పుకుని నిలబడి ఉన్నాడు. ఆ శాలువా నేను నేసిందే. దాన్ని ఊరికి ఆ చివర నుంచైనా గుర్తుపడతాను. గొర్రెల దగ్గరికి వెళ్ళాడు, అక్కడ ఉండలేకపోయాడు. నేను కదలబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. పౌలా వెళ్ళింది. వాళ్ళ నాన్న ముందు నిలబడి, అప్పుడే విన్న మాటని అప్పజెప్పినట్టు అంది.

"రండి రండి, తెలివైనవాళ్ళంతా పోయిన వారమే వెళ్ళిపోయారు."

"ఎవరు నేర్పారే నీకు?"

"తాత అనేవాడట. ఇక్కడే. ఏటా."

అది ఏమిటో అతనికి వెంటనే బోధపడలేదు. పౌలా చెప్పింది, సెయియా చెప్పింది, ఓపిటర్ మధ్యమధ్యలో తప్పులు చెప్పాడు. వొలెరో వింటూ శాలువా నెత్తి మీది నుంచి దించాడు. తర్వాత దారి దిగువకి వెళ్ళి, ఎండుకొమ్మలు మోపు కట్టి తెచ్చాడు. పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చికట్టెలు తీసి అవతల పారేసి, మళ్ళీ పేర్చాడు. వోపిస్కస్ ఊదాడు. మంట లేచింది.

మొదటి గుప్పెడు మాది. సెయియా అత్త చేతికే ఇచ్చింది. "తల్లీ, మాడ్చకు," అని పొయ్యితల్లికి దణ్ణం పెట్టి అత్త ఆ గుప్పెడు మంటలో వేసింది. తర్వాత వొలెరో తెడ్డు పట్టుకున్నాడు. ముందు కాసిని మాడాయి. "కళ్ళతో చూడకయ్యా, చెవులతో విను," అంది సెయియా. "చిటపట ఆగిందంటే తీసెయ్యాలి." కాసేపటికి అతనికి చెయ్యి తిరిగింది. మావి అయిపోయినా అక్కణ్ణుంచి లేవలేదు. నది అవతలి వాళ్ళవి వేయించాడు, ముసలి జంటవి వేయించాడు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మొహమంతా మసి, బట్టల నిండా ఆ వాసన. పౌలా అతని చంకలో మొహం పెట్టి, "తాత వాసన," అంది.

మర్నాడు సమాధి దగ్గరికి వెళ్ళాం. పెంకు ముక్కలో వేయించిన గింజలు, ఉప్పు, కాసిని ఊదాపూలు పెట్టింది అత్త. మేం కొంచెం వెనక నిలబడ్డాం గానీ ఆమె గొంతు తగ్గించే మనిషి కాదు.

"తీసుకో. నీ పొయ్యిలోవే. నీ కొడుకు వేయించాడు, కొన్ని మాడాయి, సర్దుకో. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా? నేనూ వచ్చేదాన్నిగా."

పెద్దల దినాలు ముగిసిన మర్నాడు అయినవాళ్ళ విందు. ఏడాదిలో పడ్డ తగువులన్నీ ఆ పూట గుమ్మం బయట వదిలి రావాలి. పొద్దున్నే హోస్టస్ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో తేనె చిప్ప. అత్త ముందు పెట్టి, తల గోక్కున్నాడు.

"మా పెద్దాయన పంపాడు. ఆ రోజు నేను నోరు పారేసుకున్నానని నన్ను చీవాట్లు పెట్టాడు. వొలెరో, వచ్చే ఏడు నుంచి మా కూటంలో కలవండి అంటున్నాడు. అందరం ఒప్పుకున్నాం. నేను కూడా."

"పొట్టేలు ఒప్పుకుందా?" అంది అత్త, తేనె చిప్ప అందుకుంటూ. హోస్టస్ నవ్వాడు, అత్త అతనికి జున్ను ముక్క చేతిలో పెట్టి పంపింది.

వొలెరో అతనికి అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాడు. గొర్రెల దొడ్డి తడిక కడుతూ ఆలోచించాడు. నేను సంకటి కలియబెడుతుంటే పక్కన వచ్చి కూర్చుని, అవసరం లేకపోయినా పొయ్యి ఎగదోశాడు.

"హోస్టస్ అన్నది నీకెలా ఉంది?" అన్నాడు.

"నేను గాబీ ఊరి దాన్ని. నాకు మీ కూటాలన్నీ ఒకటే," అన్నాను. "కానీ ఆ బల్లల దగ్గర నేను మళ్ళీ కూర్చోవాలంటే కొంచెం మొహం సర్దుకోవాలి. ఆ మట్టి గోడ దగ్గర అక్కర్లేదు."

అతను తలూపాడు.

సాయంత్రం అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. కొత్త గింజల సంకటి, పందికొవ్వు వేసిన చిక్కుళ్ళు, హోస్టస్ తెచ్చిన తేనె. ఇంటి వేలుపుల వాటా చిన్న చిప్పలో పెట్టి మంటలో వేశాడు వొలెరో. సంకటి చిక్కగా, మామకి ఇష్టమైనట్టే కుదిరింది. మాడిన గింజ అక్కడక్కడా పంటి కింద తగిలింది.

హోస్టస్ వాళ్ళకి అన్న ఏం చెప్తాడో అని వోపిస్కస్ ఉండబట్టలేకపోయాడు. "అన్నా, రేపు పౌలాకి పెళ్ళి మాటలొస్తాయి. మీది ఏ కూటం అని అడుగుతారు. నేనైతే ఎక్కడైనా బతుకుతాను, అది నీ ఇష్టం. కానీ ఆ పిల్ల సంగతి చూసుకో."

"నాకు తాత పొయ్యే బాగుంది," అంది పౌలా.

"నిన్నెవరూ అడగలేదు. తిను," అంది అత్త. కానీ ఆమె తినడం ఆపి కొడుకు వైపే చూస్తోంది. ఆ చూపులో ఆజ్ఞ లేదు. అడగడం కూడా లేదు. వినడానికి సిద్ధంగా ఉంది, అంతే.

వొలెరో గిన్నె అడుగున ఉన్నది గీకి తిన్నాడు. గిన్నె కింద పెట్టాడు. వేళ్ళు తుడుచుకున్నాడు. గొంతు పెంచకుండా, గొర్రెల్ని రేపు ఏ గుట్టకి తోలాలో చెప్పేటప్పటి గొంతుతోనే అన్నాడు.

"రేపు హోస్టస్ వాళ్ళ పెద్దాయనకి ఒక జున్ను ముద్ద తీసుకెళ్ళి, మీ మంచితనం ఎప్పటికీ గుర్తుంచుకుంటామని చెప్పొస్తాను. పౌలా గురించి అడిగేవాళ్ళకి, ఉప్పు దారి పక్క పొయ్యి మాది అని చెప్దాం. విని వెళ్ళిపోయేవాళ్ళని వెళ్ళిపోనిద్దాం. వచ్చే ఏడు కూడా మనం ఆఖరి రోజునే వెళ్తున్నాం. అందరం. కట్టెలు ఎండాకాలంలోనే కొట్టి పెడతాను."